ఇల్లు చూసి ఎవరిని చూడాలి?

మా వంటింటి ఉత్తరపు గోడకి చెమ్మ. మొదటి వానాకాలంలో అరచెయ్యంత ఉండేది. మూడో వానాకాలం వచ్చేసరికి గ్యాసు గట్టు పక్కనుంచి పోపుల డబ్బా పెట్టుకునే గూటి దాకా పాకింది. సున్నం పొరలు పొరలుగా లేచి, కింద నల్లగా బూజు పట్టింది. ఒక ఆదివారం నాతో పనిచేసే లెక్చరర్ వాళ్ళమ్మగారిని వెంటబెట్టుకుని వచ్చింది. నేను కాఫీ కలుపుతుంటే ఆ పెద్దావిడ వంటింటి గుమ్మంలో నిలబడి గోడకేసి చూశారు. తర్వాత నాకేసి చూశారు. ఏమీ అనలేదు. "అద్దె ఇల్లు కదండీ" అన్నాను నేనే. ఎవరూ అడగని ప్రశ్నకి సంజాయిషీ.

వాళ్ళు వెళ్ళాక ఆ రాత్రి చాలాసేపు నా మీద నాకే కోపం వచ్చింది. నీళ్ళు కారేది పై అంతస్తులో ఇంటివాళ్ళ బాత్రూంలోంచి. గోడ వాళ్ళది, పైపు వాళ్ళది, కారే నీళ్ళూ వాళ్ళవే. సిగ్గు మాత్రం నాది. ఇదెలా జరిగింది?

"ఇల్లు చూసి ఇల్లాలిని చూడు" అనే సామెతని పాఠం చెప్పేటప్పుడు ఎన్నోసార్లు విమర్శించాను. స్త్రీ విలువని ఆమె ఊడ్చిన నేలతో కొలిచే సామెత అని క్లాసులో ఆవేశంగా చెప్పాను. కానీ ఆ సామెతలో ఇంకో సంగతి దాక్కుని ఉందని ఆ ఆదివారం దాకా నాకు తట్టలేదు. ఆ ఇల్లు ఎవరిదో సామెత అడగదు. యజమాని ఎవరైనా, పగుళ్ళకి కారణం ఎవరైనా, చూపు వెళ్ళి ఆగేది ఇల్లాలి మీద. ఆస్తి హక్కు ఒకరి దగ్గర, దాని అవస్థకి జవాబుదారీ మరొకరి దగ్గర. అద్దె ఇళ్ళలో ఉండే ఆడవాళ్ళ పరిస్థితిని నాలుగు మాటల్లో ఇంతకన్నా బాగా చెప్పడం కష్టం.

ఇక్కడ నా గురించి ఒక విషయం ఒప్పుకోవాలి. నా పిహెచ్.డి. స్త్రీల కథల్లో ఇంటి భావన మీద. ఆ సిద్ధాంత వ్యాసంలో 'ఇల్లు' అన్న మాట కొన్ని వందలసార్లు వాడి ఉంటాను. ఇల్లు జైలు, ఇల్లు గూడు, ఇల్లు సంస్థ, ఇల్లు భావజాలం. ఒక్కచోట కూడా "ఈ కథలోని ఇల్లు సొంతమా, అద్దెదా?" అన్న ప్రశ్న వేయలేదు. మా గైడు వేయలేదు, వైవాలో కూర్చున్న పెద్దలూ వేయలేదు. ఆ అయిదేళ్ళలో నేను నాలుగు అద్దె ఇళ్ళు మారాను. అట్టపెట్టెల్లో పుస్తకాలు సర్దుకుంటూ ఇంటి మీద థీసిస్ రాసుకుంటూ కూడా నాకు ఆ అనుమానం రాలేదంటే చదువు మనిషిని ఎంత గుడ్డిదాన్ని చెయ్యగలదో చూడండి.

పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథని మళ్ళీ తీసి చదివాను. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోయిన స్త్రీ కథ. స్నేహితురాలు పిలిస్తే గానీ తాను శారదనని ఆమెకి గుర్తు రాదు. మన తరానికి ఆ కథ ఎంత ఇచ్చిందో చెప్పనక్కర్లేదు. అయితే ఈసారి చదువుతున్నప్పుడు నా దృష్టి పేరు మీద కన్నా నేల మీద నిలిచింది. ఆమె అలికే ఆ నేల ఎవరిది? ఈ ప్రశ్న కథకి బయటిదే, అది ఆ కథలో లోపం కాదు. రచయిత్రి చెప్పదలచుకున్నది వేరు, అందులో ఆమె అద్భుతంగా నెగ్గారు. నేను అడుగుతున్నది ఆ కథ చదివి పెరిగిన విమర్శకుల్ని, అంటే నన్ను నేనే. విమల 'వంటిల్లు' కవిత దగ్గరా ఇంతే. వంటింటికి రాణి అమ్మే అయినా గిన్నెల మీద ఉన్న పేరు నాన్నదని గుర్తించిన కవిత అది. గిన్నెల దాకా వచ్చిన ఆ యాజమాన్య ప్రశ్నని మేము అక్కడే ఆపేశాం. గిన్నెలు పెట్టుకున్న గట్టు ఎవరి పేరున ఉంది, ఆ గట్టు పగిలితే బాగుచేయించాల్సింది ఎవరు, బాగుచేయించమని అడగగలిగేది ఎవరు అనే దాకా వెళ్ళలేదు.

1993లో 'నీలిమేఘాలు' వచ్చిన కాలానికి ఇంటిని ఒక సంస్థగా చూడటమే పెద్ద తిరుగుబాటు. ఇల్లంటే ప్రేమ, త్యాగం, పవిత్రత అని నూరేళ్ళుగా చెప్పినదాన్ని పగలగొట్టి అందులో అధికారం ఉందని చూపించాలి. ఆ పనిలో ఉన్నవాళ్ళకి గోడకి చెమ్మ ఉందా లేదా అన్నది చిన్న విషయంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఇంటిని పూర్తిగా రూపకం చేసేశాక మనకి దక్కకుండా పోయింది ఇల్లే, ఇటుకలూ సిమెంటూ పైపులూ ఉన్న ఇల్లు. రూపకానికి వాన కారదు.

తెలుగు మాటల్నే చూడండి. పెళ్ళయితే మగవాడు 'ఒక ఇంటివాడవుతాడు'. అద్దెకుండేవాళ్ళు ఇంటి యజమానిని చెప్పుకునేది కూడా 'ఇంటివాళ్ళు' అనే. కుటుంబ యాజమాన్యం, ఆస్తి యాజమాన్యం రెండూ ఒకే మాటలో పడుకున్నాయి. పల్లెల్లో భార్యని 'మా ఇంటిది' అంటారు, అంటే ఇంటికి చెందిన వస్తువు. ఇల్లాలు ఇంటిని చక్కబెట్టేది. 'ఇంటిపేరు' సరేసరి, ఇల్లు మారితే అదీ మారుతుంది. 'అద్దెకున్నవాళ్ళు' అన్నమాట మాత్రం ఎప్పుడూ బహువచనమే. కోస్తాలో 'ఒక్కతే అద్దెకుంది' అంటే ఆ వాక్యం చివర చిన్న విరామం ఉంటుంది, విన్నవాళ్ళకి తెలుసు. తెలంగాణలో 'కిరాయికి ఉంటున్న' అంటే ఆ విరామం కాస్త తక్కువేమోనని నాకు అనిపిస్తుంది గానీ టు-లెట్ బోర్డు దగ్గర మాత్రం రెండు ప్రాంతాలూ ఒకటే. 'ఫ్యామిలీస్ ఓన్లీ.'

ఈ 'ఫ్యామిలీ' మీద మన సినిమా వాళ్ళు బోలెడు నవ్వించారు. 1955లో 'మిస్సమ్మ'లో ఉద్యోగం కోసం ఇద్దరు అపరిచితులు భార్యాభర్తల్లా నటించాలి. 'చిత్రం భళారే విచిత్రం'లో అద్దె ఇల్లు దొరక్క మగవాడు చీర కట్టుకుంటాడు. అది మరాఠీ నుంచి వచ్చిన కథ, దానికి ముందు హిందీలో 1966 నాటి 'బీవీ ఔర్ మకాన్' ఉంది. అంటే ఈ హాస్యం దేశమంతటికీ అర్థమైంది. చీర కట్టిన నరేష్‌ని చూసి చిన్నప్పుడు నేనూ పడీ పడీ నవ్వాను. ఆ సినిమాలో చీర కడితే ఇల్లు దొరుకుతుంది. నేను రోజూ చీరే కట్టుకుంటాను. నల్లకుంట నుంచి విద్యానగర్ దాకా ఒక్కదాన్నే ఇల్లు వెతుక్కుంటూ తిరిగిన నెలలో ఆ చీర నాకేమీ పనిచేయలేదు. ఎందుకంటే ఆ సినిమా నిజంగా అడిగేది చీర కాదు, చీర పక్కన ఒక ప్యాంటు.

చివరికి దొరికింది ఈ ఇల్లు. కింద రెండు గదుల వాటా, పైన ఇంటివాళ్ళు. ఇంటివాళ్ళావిడని మొదటిరోజు నుంచీ పిన్నిగారు అనే పిలుస్తున్నాను. ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న "మీరేమిట్లమ్మా?" నేను జవాబు చెప్పాను. కుల నిర్మూలన మీద సెమినార్లలో పేపర్లు చదివినదాన్ని, తాళంచెవులు ఆవిడ చేతిలో ఉండగా తడుముకోకుండా జవాబు చెప్పాను. ఆ జవాబు నాకు పనికొచ్చింది కూడా. నా దగ్గర ఎం.ఏ. చదివిన ఒక అమ్మాయికి అదే వీధిలో అదే ప్రశ్నకి నిజం చెప్పినందుకు సాయంత్రానికి "మా వాళ్ళెవరో వస్తున్నారటమ్మా" అని ఫోను వచ్చింది. మరో అమ్మాయి పేరు చెప్పగానే, ఆ పేరు ఉర్దూ పేరు కాబట్టి, ఇల్లు చూపించను కూడా లేదు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చాక కూడా స్త్రీవాద విమర్శ 'స్త్రీకి ఇల్లు' అని ఏకవచనంలో మాట్లాడటం ఎంత మోసమో నాకు ఆ అమ్మాయిలిద్దరూ నేర్పారు. నేను చెమ్మ గోడ గురించి రాయగలుగుతున్నానంటే ముందు నాకు ఆ గోడ దొరికింది. ఇది ఇక్కడ చెప్పకుండా మిగతాది రాయడం నిజాయితీ కాదు.

అద్దె ఒప్పంద పత్రాన్ని ఒక సాహిత్య ప్రక్రియగా ఎవరూ చదివినట్టు లేదు. చదవాలి. స్టాంపు కాగితం మీద నా పేరు ముందు 'శ్రీ ఫలానా వారి కుమార్తె' అని ఉంది. ముప్పై దాటిన, డాక్టరేటు ఉన్న మనిషికి ఉనికి ఇవ్వడానికి ఇంకా నాన్న కావలసి వచ్చాడు. సరే, అది అన్ని పత్రాల్లోనూ ఉండే సంగతే. గడువు పదకొండు నెలలు. ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషను తప్పనిసరి అని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షను చెబుతుంది కాబట్టి ఒక నెల తగ్గించి రాసే అలవాటు దేశమంతా ఉంది. ఆ తగ్గించిన నెల వల్ల మనం ప్రతి ఏడూ కొత్తగా అడుక్కునే స్థితిలో ఉంటాం. ఆ తర్వాతి వాక్యం చూడండి. ఇల్లు "నివాసయోగ్యంగా, మంచి స్థితిలో ఉన్నట్లు" నేను చూసుకుని తృప్తి చెందినట్టు అందులో ఉంది. ఎండాకాలంలో చూశాను, గోడకి కొత్తగా రంగు వేసి ఉంది. తృప్తి చెందాను, సంతకం పెట్టాను. కథల్లో మనం నమ్మదగని కథకుడు అంటుంటాం. ఇక్కడ కథకురాలు నేనే, నా చేత అబద్ధం చెప్పించింది పత్రం. ఖాళీ చేసేటప్పుడు రంగులకి ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి తగ్గించుకుంటారని కూడా రాసి ఉంది. అంటే చెమ్మ మీద వేసిన ఆ రంగుకి పాత కిరాయిదారు డబ్బిచ్చారు, దాన్ని చూసి నేను మోసపోయాను, నా డబ్బుతో వేసే రంగుని చూసి నా తర్వాత వచ్చేవాళ్ళు మోసపోతారు.

ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను దగ్గర నేను చాలా రోజులు కూర్చున్నాను. కవిత చదివినట్టు చదివాను. మామూలు జాగ్రత్తతో చూస్తే అద్దెకొచ్చేవాళ్ళకి కనబడని ముఖ్యమైన లోపం ఏదైనా యజమానికి తెలిస్తే ముందే చెప్పి తీరాలి అంటుంది అందులో మొదటి నిబంధన. నా గోడకి ఇది అచ్చంగా సరిపోతుంది. తను చేయవలసి ఉన్న మరమ్మతుని, నోటీసు ఇచ్చిన తర్వాత తగిన సమయంలో యజమాని చేయించకపోతే, అద్దెకున్నవాళ్ళే చేయించుకుని ఆ ఖర్చు వడ్డీతో సహా అద్దెలోంచి మినహాయించుకోవచ్చు అంటుంది మరో నిబంధన. మొదటిసారి చదివినప్పుడు నా కళ్ళని నేను నమ్మలేదు. 1882 నుంచీ ఈ వాక్యం ఉంది! మా అమ్మ ఇరవై ఏళ్ళు అద్దె ఇళ్ళల్లో బక్కెట్లు పెట్టి వాన నీళ్ళు పట్టింది, ఆమెకి ఎవరూ చెప్పలేదు.

రెండోసారి చదివితే లొసుగు కనబడింది. 'తను చేయవలసి ఉన్న మరమ్మతు.' ఏది చేయవలసి ఉందో చట్టం చెప్పదు. అది ఒప్పందాన్ని బట్టి. పైగా సెక్షను మొదట్లోనే, దీనికి విరుద్ధమైన ఒప్పందంగానీ స్థానిక ఆచారంగానీ లేనప్పుడే ఇవన్నీ వర్తిస్తాయని ఉంది. స్థానిక ఆచారం! ఆచారం అన్న మాట దగ్గర స్త్రీల హక్కులు ఎన్ని ఆగిపోయాయో మనకి తెలియనిది కాదు.

దీనికి తోడు మన రాష్ట్రంలో 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టం ఉంది. 2014 తర్వాత అదే తెలంగాణ పేరు తగిలించుకుంది. నీళ్ళూ కరెంటూ లాంటి సౌకర్యాలని యజమాని సరైన కారణం లేకుండా ఆపకూడదని అందులో ఉంది. చదివి సంతోషించేలోపు 2005 సవరణ ఎదురవుతుంది. నగరపాలక సంస్థల పరిధిలో నెలకి 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 దాటిన అద్దె ఉన్న ఇళ్ళకి ఆ చట్టం వర్తించదు. ఇవాళ హైదరాబాదులో 3,500కి గది కాదు, మంచం దొరకడం కష్టం. మరమ్మతు అన్న మాట ఆ చట్టంలో ఎక్కువ బలంగా వినిపించేది ఎక్కడంటే, మరమ్మతులు చేయించాలి కాబట్టి ఇల్లు ఖాళీ చేయించండి అని యజమాని కంట్రోలరు దగ్గరికి వెళ్ళే చోట. గోడ బాగుచేయించండి అని అడగబోయి నాలుక కరుచుకునే ఆడవాళ్ళంతా చట్టం చదివి భయపడటం లేదు. కానీ వాళ్ళ భయం చట్టానికి తెలుసు.

2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం దీన్నంతా సరిచేస్తానంటూ వచ్చింది. అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తీసుకుంటేనే చట్టం. నాకు ఆసక్తి కలిగించింది దాని రెండో షెడ్యూలు. అందులో ఎవరి పనులేమిటో రెండు పట్టికలు ఇచ్చారు. నిర్మాణపు మరమ్మతులు, గోడలకి సున్నం, తలుపులకీ కిటికీలకీ రంగులు, పైపులు మార్చడం, లోపలి బయటి వైరింగు యజమానివి. కొళాయిలూ వాటి వాషర్లూ, మురుగు తీయించడం, మరుగుదొడ్డి, వాష్‌బేసిన్, గీజరు, స్విచ్చులూ సాకెట్లూ, వంటింట్లో బిగించినవి, తలుపులకీ బీరువాలకీ పిడులూ తాళాలూ, దోమల జాలీలు, కిటికీ అద్దాలు అద్దెకున్నవాళ్ళవి. న్యాయంగానే ఉందనిపిస్తుంది. ఒక్కసారి రెండో పట్టికని పైకి చదవండి. పొద్దున లేచినప్పటినుంచీ రాత్రి పడుకునే దాకా ఆడమనిషి చెయ్యి తగిలే ప్రతి వస్తువూ అందులో ఉంది. మొదటి పట్టికలోనివి చూడటానికి ఉంటాయి, రెండో పట్టికలోనివి వాడటానికి. ఆ పట్టిక రాసినవాళ్ళకి స్త్రీల ఊసే లేదు, నిజమే. ఊసు లేకుండా రాసినా ఇలా రావడమే నేను చెప్పదలచుకున్నది. ఇక యజమాని తన పని చేయకపోతే మనమే చేయించుకుని అద్దెలో తగ్గించుకోవచ్చు, అయితే ఏ నెలలోనూ అద్దెలో సగానికి మించకూడదు. నివాసయోగ్యం కాకుండా పోతే, రాసి అడిగినా యజమాని బాగుచేయించకపోతే, పదిహేను రోజుల నోటీసుతో ఖాళీ చేయవచ్చు, లేదా అధికారి దగ్గరికి వెళ్ళవచ్చు. ఖాళీ చేసే హక్కు! అది మాకు ఎప్పుడూ ఉంది.

ఇంత చదివాక ఇంకో అనుమానం. ఒప్పందం నా పేరున ఉంది కాబట్టి నేను నోటీసివ్వగలను. మా వీధిలో అద్దె ఇళ్ళలో ఉన్న మిగతా ఆడవాళ్ళలో ఎంతమంది పేరు ఒప్పంద పత్రంలో ఉంటుంది? గోడతో ఇరవై నాలుగ్గంటలూ గడిపేది భార్య, సంతకం భర్తది. చట్టం దృష్టిలో ఆమె గోడకి పరాయిది. 1960 చట్టం నిర్వచనంలో అద్దెదారు చనిపోతే అతనితో కలిసి ఆ ఇంట్లో ఉన్న భార్య అద్దెదారవుతుంది. హక్కు రావాలంటే మొగుడు పోవాలన్నమాట. అతను చనిపోకుండా వదిలేసి పోతే? 2005లో బెంగుళూరు నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు, భర్త వదిలేసిన స్త్రీ ఆ అద్దె ఇంట్లో ఉంటున్నప్పుడు ఖాళీ చేయించే దావాని తాను ఎదుర్కోవచ్చంది. కానీ భర్త వాదించగలిగినంత మేరకే, అద్దె తాను కట్టాలి, విడాకులయితే ఆ అవకాశమూ పోతుంది. ఆ కేసులోని స్త్రీకి విడాకులయ్యాయి, ఓడిపోయింది. అదే ఏడాది వచ్చిన గృహహింస చట్టం మాత్రం ఉమ్మడి నివాసం సొంతమైనా అద్దెదైనా ఒకటేనంది, అవసరమైతే మరో ఇంటికి అద్దె కట్టమని అతన్ని ఆదేశించవచ్చంది. మన చట్టాల్లో అద్దె ఇంటిని ఆడదాని వైపు నుంచి చూసిన వాక్యాలు నాకు దొరికినవి ఇవే, అదీ దెబ్బలు తిన్న తర్వాత.

ఇంతకీ పిన్నిగారితో నేను మొదట మాట్లాడింది చట్టం భాషలో కాదు. "పిన్నిగారూ, కాస్త ఆ గోడ సంగతి చూడండి" అన్నాను. మొదటి ఏడాది "అలాగేనమ్మా" అన్నారు. రెండో ఏడాది "వానలు తగ్గనీ" అన్నారు. మూడో ఏడాది "నువ్వు వంటింట్లో కిటికీ తియ్యవేమోనమ్మా, ఆవిరి పట్టేస్తుంది. నీళ్ళు కూడా కాస్త ఎక్కువ వాడతావు" అన్నారు. అంటే సామెత మేడ దిగి వచ్చింది.

ఆ మాట విన్న రోజుల్లోనే నేను ఇంగ్లండులోని రోచ్‌డేల్ ఉదంతం చదివాను. 2020 డిసెంబరులో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ పిల్లవాడు చనిపోయాడు. ఇంట్లో పట్టిన బూజే అతని శ్వాస జబ్బుకి కారణమని 2022 నవంబరులో కరోనర్ తేల్చారు. తండ్రి 2017 నుంచీ ఫిర్యాదు చేస్తుంటే పైన రంగు వేసుకోమన్నారు. సూడాన్ నుంచి వచ్చిన కుటుంబం కాబట్టి వాళ్ళ స్నానపు అలవాట్ల వల్ల, వంటల వల్ల చెమ్మ వస్తోందని ఊహించుకున్నారు. అది ప్రభుత్వపు చట్టాలూ తనిఖీలూ ఉన్న సామాజిక గృహవసతి. చెమ్మకి కారణం నివాసుల జీవనశైలి కాదు అనే అర్థం వచ్చే పేరుతో అక్కడి హౌసింగ్ అంబుడ్స్‌మన్ 2021లోనే ఒక నివేదిక ఇచ్చారు. ఆ పిల్లవాడి పేరుతో చెప్పుకునే చట్టం అలాంటి ఇళ్ళకి 2025 అక్టోబరు నుంచి అమల్లోకొచ్చింది. యజమాని గడువులోగా పరిశీలించి తీరాలి. రోచ్‌డేల్‌కీ నల్లకుంటకీ పోలిక పెట్టడం అతి అని నాకు తెలుసు. కానీ "నువ్వు నీళ్ళు ఎక్కువ వాడతావు" అన్న వాక్యం ఎంత దూరం నుంచి వస్తోందో నాకు అప్పుడు అర్థమైంది.

పిన్నిగారిని దుష్టపాత్ర చెయ్యడం నాకిష్టం లేదు, అది సినిమా పని. ఇల్లు వాళ్ళాయన పేరున ఉండేది, ఆయన పోయాక కొడుకు పేరున మారింది. కొడుకు వేరే ఊళ్ళో. నా అద్దె ఆవిడ చేతికే ఇస్తాను, అందులోంచి ఆవిడ మందులకి కొంత తీసుకుని మిగతాది కొడుక్కి పంపుతారు. ప్లంబరుని పిలవాలంటే కొడుకుని అడగాలి. ఒక గోడ గురించి మేమిద్దరం మాట్లాడుకుంటున్నాం, ఆ గోడ మా ఇద్దరిదీ కాదు. పిన్ని, అమ్మాయి అనే వరసలు మా ఇద్దరికీ ఎంతో సాయం చేశాయి. జ్వరమొస్తే చారు పంపారు, ఆవిడ కంటి ఆపరేషన్‌కి నేను ఆస్పత్రిలో కూర్చున్నాను. అవే వరసలు మా నోళ్ళు కూడా కట్టేశాయి. పిన్నికి నోటీసు ఎవరిస్తారు? తెలుగు ఇళ్ళలో నోటీసంటే విడాకులదో, ఖాళీ చేయమనో. హక్కుని దయగా మార్చడానికి చుట్టరికాన్ని మించిన పనిముట్టు లేదు. అయినా ఆ చారు నిజంగానే ప్రేమతో పంపింది. ఈ రెండు మాటల్ని ఒకదానితో ఒకటి ఎలా కలపాలో నాకు ఏ సిద్ధాంతమూ చెప్పలేదు.

వర్జీనియా ఉల్ఫ్ 1929లో రాయడానికి స్త్రీకి ఒక గది, ఏడాదికి 500 పౌండ్లు కావాలంది. ఆ మాటని మనం తెలుగులో ఎన్నిసార్లు ఉటంకించామో లెక్కలేదు. ఆ వ్యాసంలో కథ చెప్పే ఆవిడకి ఆ డబ్బు మేనత్త వీలునామా వల్ల వస్తుంది, ఆ మేనత్త బొంబాయిలో గుర్రం మీదనుంచి పడి చనిపోతుంది. బొంబాయి సంగతి చాలామంది విమర్శకులు పట్టించుకున్నారు. ఆ గది కప్పు కారితే ఎవరిని అడగాలన్నది నేను ఎక్కడా చదవలేదు. నా టేబులు వంటింటి గోడకి అవతలి వైపు ఉంటుంది. నా నోట్సు పెట్టె అడుగున మూడు పుస్తకాలు అంటుకుపోయాయి, అందులో ఒకటి ఉల్ఫ్‌దే.

ఆఖరికి ఉత్తరం రాశాను. మూడువందల పేజీల థీసిస్ రాసినదానికి ఒక పేజీ ఉత్తరం రాయడానికి నాలుగు రోజులు పట్టింది. సంబోధన దగ్గరే ఆగిపోయాను. 'పిన్నిగారికి' అని మొదలుపెడితే సెక్షన్లు ఇమడవు. 'ఇంటి యజమాని గారికి' అంటే ఆవిడ యజమాని కాదు. కొడుక్కి రాస్తే ఆవిడని దాటేసినట్టు. చివరికి ఇద్దరి పేర్లూ రాశాను, ముందు ఆవిడ పేరు. మూడేళ్ళలో ఒప్పంద పత్రం మీద తప్ప ఎప్పుడూ చూడని ఆవిడ పేరు. చెమ్మ ఎప్పుడు మొదలైందో తేదీలు రాశాను. గోడ మీద చెమ్మ అంచు వెంట ప్రతి పదిహేనో రోజూ పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ వేసుకున్నాను, ఆ ఫొటోలు జతచేశాను. 108వ సెక్షను ప్రస్తావించాను. ముప్పై రోజుల్లో బాగుచేయించకపోతే నేనే చేయించి అద్దెలో మినహాయించుకుంటానని రాసి, ఒక కాపీ నా దగ్గర పెట్టుకుని, స్వయంగా పైకి వెళ్ళి ఇచ్చాను.

పదిరోజులు చారు రాలేదు. మెట్ల మీద ఎదురుపడితే తల తిప్పుకున్నారు. కొడుకు ఫోను చేసి "ఇబ్బందిగా ఉంటే వేరే ఇల్లు చూసుకోవచ్చు కదండీ" అన్నాడు. ఆ రాత్రి అట్టపెట్టెలు ఎక్కడున్నాయో వెతుక్కున్నాను. పదకొండో రోజు పిన్నిగారు కిందికి దిగి వచ్చి, మొదటిసారి మా వంటింట్లోకి వచ్చి, గీతల దగ్గర నిలబడి తేదీలన్నీ చదివారు. "ఇది మా ఆయన కట్టించినప్పటినుంచీ ఉందమ్మా. నేను కింద కాపురమున్నప్పుడు గోడకి క్యాలెండరు తగిలించేదాన్ని" అన్నారు.

ప్లంబరు వచ్చి పై బాత్రూంలో గచ్చు పగలగొట్టాడు. నహానీ ట్రాపు దగ్గర పైపు అతుకు ఊడిపోయి ఉంది, స్నానం చేసిన ప్రతిసారీ నీళ్ళు స్లాబులోకే పోతున్నాయి. ఒకటిన్నర రోజు పని. ఖర్చు సగం నన్ను పెట్టుకోమన్నాడు కొడుకు. నేను పెట్టుకోనన్నాను, మిగతా సగం ఎవరిచ్చారో నాకు తెలియదు, పిన్నిగారు చెప్పలేదు. గోడ ఆరడానికి చాలా నెలలు పడుతుందని, ఆరకుండా రంగు వెయ్యొద్దని ప్లంబరు చెప్పి వెళ్ళాడు. దీపావళి నుంచీ చెమ్మ ఆఖరి గీత దాటలేదు. మార్చిలో ఒప్పందం మళ్ళీ రాసుకోవాలి. ఈసారి రంగుల వాక్యం తీసేసి, పైపులూ గోడలూ ఎవరి బాధ్యతో రాద్దామని అడిగాను. "వాడితో మాట్లాడతాను. ముందు నువ్వు రాసి ఇవ్వు, నాకు చదివి వినిపించి ఇవ్వు" అన్నారు పిన్నిగారు. రాస్తున్నాను.